పదిహేడో నంబరు తడి

మా లీగులో జట్లకి ఊళ్ల పేర్లుండవు,
సరుకుల పేర్లుంటాయి.
నెమేసియో మొదట రెండేళ్లు సార్డీన్ డబ్బాలకి ఆడాడు,
తర్వాత గోడల రంగుకి,
ఆ తర్వాత ఒంటినొప్పుల మాత్రకి.
ఆ ఏడే మోకాలు పోయింది.
ఈ మాట నవ్వుతూ అతనే చెప్పేవాడు.

నాకు అతని ముఖం కన్నా తడి ముందు తెలుసు.
మనీలాలో, బుట్ట కింద నేల తుడిచేవాణ్ణి నేను.
ఎవడైనా పడి ఈల మోగితే
తువ్వాలు చుట్టిన కర్రతో పరిగెత్తాలి,
నాలుగు సెకన్లలో చెక్క అద్దమవ్వాలి.
పన్నెండు వేలమంది చూస్తుంటారు.
ఒక్కడికీ కనబడను.

బుట్టలు నింపేవాళ్ల చెమట
బియ్యం చల్లినట్టు కోర్టంతా రాలుతుంది.
నెమేసియోది అలా కాదు,
అతని తడికి మనిషి ఆకారం ఉండేది:
రెండు భుజాలు, వెన్ను,
ఒక్కోసారి తల వెనక గుండ్రం.

ఎందుకంటే, పడటమే అతని ఉద్యోగం.
ప్రతి సీజనూ అమెరికా నుంచి ఒక కొండ దిగేది,
ఏడడుగులకి అంగుళం తక్కువ.
ఆ కొండ దూకే దారిలో
సిలాయ్ చెరకుతోటల నుంచి వచ్చిన ఈ మనిషి
కాళ్లు పాతుకుని, చేతులు గుండెకి కట్టుకుని నిలబడాలి.
అరంగుళం కదిలితే తప్పు ఇతనిది.
కదలకపోతే తప్పు కొండది, బంతి మనది.

పదకొండు సీజన్లు.
మ్యాచికి సగటున మూడు పాయింట్లు.
పడినవాటికి స్కోరు పలకమీద గడి లేదు.
నేను లెక్కపెట్టాను,
కర్ర పిడిమీద మేకుతో గీతలు గీస్తూ.
నాలుగు వందల పన్నెండు దగ్గర కర్ర విరిగింది,
స్టోర్సువాళ్లు కొత్తది ఇచ్చారు.

ఆఖరిసారి, సెమీఫైనల్లో, లేవలేదు.
కర్ర పట్టుకుని వెళ్లి నిలబడ్డాను.
ఏం తుడవను?
ఆకారంలో మనిషి ఇంకా ఉన్నాడు.
కళ్లు తెరిచి నన్ను చూసి
"ఎడమ పక్క సరిగ్గా తుడవలేదురా" అన్నాడు.

వీడ్కోలు సభ లేదు.
పదిహేడో నంబరు మరుసటేడు ఇంకో కుర్రాడికిచ్చారు.
కొండ వస్తే వాడు పక్కకి తప్పుకుంటాడు.
వాడి మోకాళ్లు బావున్నాయి.

మొన్న ఓడెక్కి సిలాయ్ వెళ్లాను.
మార్కెట్టు వెనక మంచినీళ్ల దుకాణం,
ఇరవై లీటర్ల నీలం క్యాన్లు.
ఆ గుమ్మం కింద వంగీ వంగీ
ఆరడుగుల నాలుగంగుళాల మెడకి
ఆ వంపే అలవాటైపోయింది.
మోకాలు వానని ఒకరోజు ముందే చెబుతుందట,
పక్కనే చేపలెండబెట్టే ఆమె రేడియో మానేసి
దాన్నే అడిగి వెళ్తుంది.

సాయంత్రం పిల్లలొస్తారు, రబ్బరు చెప్పుల్తో.
కొబ్బరిమానుకి మేకు కొట్టిన ఇనుప చక్రం.
బంతి వెయ్యడం నేర్పమంటే
"అది మీకే వస్తుంది" అంటాడు.
ఇసక మీద నిలబెట్టి పడటం నేర్పుతాడు:
గడ్డం గుండెకి ఆనించు,
చేతులు వెనక్కి పెట్టకు, మణికట్లు పోతాయి,
ఊపిరి ముందే వదిలెయ్.

చీకటి పడ్డాక క్యాన్ ఎత్తబోతే మూత ఊడింది.
సిమెంటు నేలంతా నీళ్లు.
అప్పటికే నా చేతిలో మూలనున్న గుడ్డ.
ఎప్పుడు లేచానో నాకే తెలీదు.
నెమేసియో మణికట్టు పట్టుకున్నాడు.
"ఉండనీ. ఈల మోగలేదుగా."

ఇద్దరం బల్లమీద కూచున్నాం.
తడి అంచుల్నించి లోపలికి
తనంతట తనే చిన్నదవుతోంది.
మధ్యలో ఎవరో క్యాన్ కోసం వచ్చి
మమ్మల్ని చూసి
వెనక్కి వెళ్లారు.