ప్రశ్నలకు పది నిమిషాలు

గొర్రెల ఉన్ని వేలం వేసే షెడ్డులోనే
ఏటా మా వారండెల్ రచయితల పండగ.
ఎంత కడిగినా నేల ఇంకా జిడ్డే,
కుర్చీ లాగితే కిర్రుమనదు, జారుతుంది.
ఆగస్టు చలి. రేకుల మీద వాన.
వేదిక మీద సోఫాలు రెండూ లైబ్రరీవి,
నీళ్ళ జగ్గు మాత్రం మా ఇంటిది.

నా పని మైకు మొయ్యడం.
చెయ్యెత్తినవాళ్ళ దగ్గరికి వరసల మధ్య నడిచి
"దగ్గరగా పెట్టుకోండి, ఐస్‌క్రీమ్ తిన్నట్టు" అని చెప్పడం.
ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు తోలాను,
మనుషుల్ని ఒకచోట ఎక్కించి
ఇంకోచోట దించడం వచ్చు.

పొద్దున ఈల్ చేపల మీద రాసినాయన.
పదకొండేళ్ళు వాటి వెంట తిరిగాడట,
గుడ్లెక్కడ పెడతాయో ఇప్పటికీ చూడలేదట.
"చూడనిదాని గురించి నాలుగొందల పేజీలా?"
అంది ముందు వరసలో ఎవరో.
ఆయన నీళ్ళు తాగి,
"చూసుంటే నలభై సరిపోయేవి" అన్నాడు.
హాలంతా నవ్వింది. నేనూ.

తర్వాత రోవెనా పెట్టిఫర్.
మా వరద మీద పుస్తకం.
రేడియో గ్లిన్ అడుగుతున్నాడు.
ఆమె ఒళ్ళో పుస్తకం నిండా పసుపు చీటీలు,
తూనీగలు వాలినట్టు.
"కల్పన ఒక్క వాక్యం లేదు" అంది,
"ప్రతి మాటకీ నా దగ్గర కాగితం ఉంది."
గొప్పకి అనలేదు.
అప్పు తీర్చినవాళ్ళు రసీదు చూపించినట్టు అంది.

ఏడో అధ్యాయం చదివింది.
ఆ రాత్రి కరెంటు పోయాక
వెన్న ఫ్యాక్టరీ కప్పు మీద నిలబడి
డోరీన్ ట్రెగీర్ తెల్లారేదాకా గంట కొట్టడం,
ఆ చప్పుడు పట్టుకుని చీకట్లో
ఆరు పడవలు ఒడ్డు చేరడం.
చదువుతున్నంతసేపూ ఎవరూ దగ్గలేదు.
వాన కూడా తగ్గింది, లేక నాకలా అనిపించింది.

ప్రశ్నలకు పది నిమిషాలు.
చివరి వరసలో లినెట్ చెయ్యెత్తింది.
డోరీన్ చెల్లెలు. పశువుల డాక్టరు దగ్గర లెక్కలు రాస్తుంది.
మైకు ఇచ్చాను. ఐస్‌క్రీమ్ మాట చెప్పలేదు.

"అది గంట కాదు" అంది లినెట్.
"పెనం. మా అమ్మ పెనం, గరిటెతో.
గంటనేది అక్కడ లేనేలేదు.
పేపరువాళ్ళొచ్చి అడిగితే గంటని నేనే చెప్పాను.
నాకు తొమ్మిదేళ్ళు.
అంతమంది బతికారు కదా,
పెనమంటే చిన్నగా ఉంటుందనిపించింది."

గ్లిన్ గడియారం చూసుకోవడం మర్చిపోయాడు.
రోవెనా ఒక పసుపు చీటీ పీకి
వెనక పేజీల్లో వెతికింది.
పేపరు పేరుంది, తేదీ ఉంది, కాలమ్ నంబరుంది.
తొమ్మిదేళ్ళ పిల్ల లేదు.

"ఎలాంటి పెనం?" అంది చివరికి.
ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగలేదు.
"సత్తుది. నడుమ సొట్ట.
గుడ్డు ఎక్కడ కొట్టినా ఆ సొట్టలోకే జారేది.
డోరీన్ పోయేదాకా దాంట్లోనే వండింది."

పెన్సిలు ఎవరిస్తారని చూసింది రోవెనా.
ముగ్గురిచ్చారు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు.
మా నీళ్ళు నిలిచి, ఇంకి,
గోడల మీద గీత కూడా రంగుల కింద పడి
యాభై రెండేళ్ళు.

"ఇంకొక్క ప్రశ్నకి టైముంది" అన్నాడు గ్లిన్.
మైకు నా చేతిలోనే ఉంది.
ఎనభై ఎనిమిదో పేజీ నాకు కంఠతా:
వంతెనకి ఇవతల ఖాళీ బస్సు ఒకటి,
ఇంజను ఆడుతూనే ఉంది.
డ్రైవరెవరో తెలియరాలేదు.
కింద నంబరుంది. పోలీసు రిపోర్టు, పన్నెండో పేరా.

ఇంజను ఆడుతోందన్నది నిజం.
పెద్ద లైట్లు కూడా వేసే ఉన్నాయి,
అది ఆమె రాయలేదు.
నాకప్పుడు ఇరవై మూడు.

వేదికకి వీపు తిప్పి
వరసలన్నీ చూశాను.
కిటికీ పక్కన ఎవరో కుర్రాడు చెయ్యెత్తాడు.
వెళ్ళాను,
దాదాపు పరిగెత్తుకుంటూ.