నూట నలభై మూడో పేజీ

"నీ ఇంగ్లీషు పనికొస్తది గని పైకి తీస్కపోదు"
అన్నడు మేనేజరు,
సూపర్‌వైజర్ పోస్టు ఇంకొకరికి ఇచ్చిన రోజు.
ముప్పై రోజుల్ల మూడు వేల మాటలనే పుస్తకం కొన్న.
ఉడకని శనగల లెక్క నోట్లె తిరిగినయి,
మింగవడలే.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
మూసున్న చెప్పుల షాపు షట్టరు ముంగట
అట్ట లేని నవల ఒకటి దొరికింది.
పేరు తెలవదు. రాసినోళ్లు తెలవదు.
ఎనభై అన్నడు, నలభైకి ఇచ్చిండు,
"అట్ట దొరికినప్పుడు మిగతా నలభై" అని నవ్విండు.

నేను నెత్తురు తీసేటోన్ని.
పొద్దుగాల ఆరింటికి బర్కత్‌పుర, నల్లకుంట, విద్యానగర్,
పరిగడుపుతోటి ఎదురుచూసే చేతులు.
తొమ్మిదింటికి ల్యాబుకొచ్చి ట్యూబులు మెషిన్ల పెడితే
పది నిమిషాలు గిర్రున తిరుగుతది.
ఆ పది నిమిషాలే నా కాలేజీ.

నవల్ల ఓ ఓడరేవు, మంచు,
తాళంచెవుల గుత్తితోటి తిరిగే ఒక ఆడమనిషి.
మూడో పేజీల ఆమె దీపాన్ని "జింజర్లీ" కింద పెట్టింది.
దీపానికి అల్లమెందుకని
చాయ్ తాగుకుంట చానసేపు ఆలోచించిన.
అప్పుడు కనవడ్డది మాట కింద పెన్సిల్ గీత,
పక్కన ఉర్దూల, చీమలంత చిన్నగ, ఏదో.

కౌంటర్ల కూసునే తస్నీమ్ ఆపాకు చూపించిన.
కళ్లద్దాలు నెత్తి మీదికెల్లి దించి
"ఎహ్‌తియాత్ సే" అన్నది.
పైలంగ!
అరె, పసిపిల్లల చేతికి సూది పెట్టేటప్పుడు
నేను రోజూ చేసేది గదే గద.
ఏడేండ్ల సంది చేతులున్న మాట
ఇయ్యాల నోటికొచ్చింది.

అట్ల పేజీకి రెండు మూడు.
ఆపా చదువుతది, నేను నా భాషల పట్టుకుంట.
"విస్ట్‌ఫుల్" కాడ మాత్రం ఆగింది.
"హస్రత్ అని ఉంది... ఎట్ల చెప్పాలె బేటా,
దొరకలే, ఇగ దొరకదు, అయినా కోపం లేదు"
అని, బస్‌స్టాపు దిక్కు చూసింది.
మా అమ్మ దాన్ని మనాది అంటది.
అనేటప్పుడు రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుంటది.
డిక్షనరీల ఆ చెయ్యి లేదు.

ఎవరిదో ఆ పెన్సిల్.
మొదటి పేజీల పేరున్న మూల చింపి ఉంది,
1984 మిగిలింది.
"ఆడపిల్ల రాత," అన్నది ఆపా,
"ఒక్క నుఖ్తా గూడ మరువలే."

నూట నలభై మూడో పేజీల
నవల్ల తండ్రి తలుపేసుకున్నడు.
హి డిడ్ నాట్ రిలెంట్.
రిలెంట్ కింద గీత ఉంది.
పక్కన ఏం లేదు.
తిప్పుకుంట పోయినం. ఏ పేజీల ఏం లేదు.
మెషిన్ ఆగింది. ఇద్దరం లేవలే.

పట్టు సడలించుట, అన్నది డిక్షనరీ.
బాగనే ఉంది గని నాకు సాలలే.

బర్కత్‌పురల విఠోబారావు సారు
మూడు వారాల సంది గేటు కాడికెల్లే పంపిస్తడు,
"నా నెత్తురు నాకే సాలదు పో" అని.
నిన్న ఏమనిపించిందో,
కుర్చీల కూసొని స్వెటర్ చెయ్యి మడిచిండు,
చాపిండు,
మొఖం మాత్రం బీరువా దిక్కు పెట్టుకొని.

ట్యూబుల మీద పేర్లు రాసే పెన్నుతోటి
ఆ ఖాళీల రాసిన: మెత్తవడుడు.
"ఏం రాసినవ్, చదువు" అన్నది ఆపా.
చదివిన. రెండుసార్లు చెప్పించుకున్నది.
"పసీజ్‌నా," అన్నది మెల్లగ,
పెన్ను అడుక్కొని కుడిదిక్కు కెల్లి రాసింది.
నాది ఎడమ కెల్లి వచ్చింది.
నడుమ వేలెడు జాగ మిగిలింది.

ఇంకా నూట డెబ్భై పేజీలున్నయి.
పెన్సిల్ కొనాలె.
ఇంకు అవుతలికి దిగింది,
నూట నలభై నాలుగుల
ఆ తండ్రి తలుపు మీద నీలం మరక.