ఎడమ మేజోడు

వాన ఇక్కడ వచ్చిపోయే చుట్టం కాదు,
ఇంట్లో మనిషి.
చిలోయే దీవిలో, మా రేకుల కప్పు కింద
కెటిలు ఒకటి అంటే వాన రెండంటుంది.
మధ్యలో మా అత్త ఎదువీన
ఎవరి పక్షమూ పట్టకుండా
కదురు తిప్పుతూ కూర్చుంటుంది.

ఆమె కళ్లకు పొర కమ్మి నాలుగేళ్లు.
నా కుడి చెవి పోయి పదకొండు నెలలు.
చేపల పంజరం అడుగున చిరిగిన వల కుట్టి
తొందరగా పైకొచ్చాను, అంతే.
కంపెనీ వాళ్లు ఒక కాగితమిచ్చారు.
అందులో కుస్తోదియో అన్న నా పేరుకు
ఒక అక్షరం తక్కువ.

ఇప్పుడు మెలానియా వెళ్తుంది పనికి,
ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, మంచు నేల మీద.
నేను బంగాళాదుంపల తొక్క తీస్తాను,
ఐలేన్‌కు జడ వేస్తాను, వంకరగా,
కోళ్లను లెక్కపెడతాను.
మళ్లీ లెక్కపెడతాను.

ఒక మంగళవారం అత్త అడిగింది:
"నీ చేతులు కూడా చెవిటివేనా?"
జవాబుకు ఆగకుండా
ఇంత ఉన్ని నా ఒళ్లో పడేసింది.
గొర్రె చెమట వాసన, గడ్డిపరకలు,
ఒక ముల్లు, ఎండిన పెంటిక.
"ముందిది ఏరు. వడకడం తర్వాతి మాట."

మూడు రోజులు ఏరాను.
నాలుగో రోజు కదురు ఇచ్చింది:
నున్నటి పుల్ల, అడుగున బిళ్లకు బదులు
గుచ్చిన బంగాళాదుంప.
"నేర్చుకునేవాడికి రాయెందుకు,
పడేస్తే నా నేల సొట్ట పడుతుంది."

పడేశాను. ఎన్నిసార్లో.
దుంప పొయ్యి కిందికి దొర్లడం,
ఐలేన్ పాకుతూ వెళ్లి తేవడం,
ఒకసారి కోడి ముక్కుతో పొడిచి తినడం.
ఏకు మేకైందంటారే,
నా చేతిలో నిజంగానే అయింది,
మేకంత లావు, మేకంత మొండి.

పక్కింటి రెయినెరియో రంపం అడగడానికొచ్చి
గుమ్మంలోనే నిలబడిపోయాడు.
"ఏమమ్మా, పెళ్లెప్పుడు?" అన్నాడు.
కదురు దాచేద్దామనుకున్నాను.
కానీ పోగు సాగుతోంది,
వదిలితే తెగుతుంది, తెగితే అతకాలి.
రంపం గోడకుంది తీసుకో, అన్నాను.

రాత్రుళ్లు అత్త నా కండె అడుగుతుంది.
దారం మీద వేలు పెట్టి
ప్రార్థన చదివినట్టు చదువుతుంది:
"ఇక్కడ పురెక్కింది, కోపమొచ్చిందా?
ఇక్కడ పిల్ల పిలిచింది.
ఇక్కడ పాలు పొంగాయి.
ఇక్కడేమో..."
ఆగింది. వేలు తీసేసింది.
అక్కడ దారం వెంట్రుకంత.
అక్కడ నేను కాసేపు నీళ్ల కిందికి వెళ్లాను.

రంగు వేయడం కూడా నేర్చుకున్నాను:
నల్కా వేరు, నల్ల బురద, ఒక పూటంతా మంట.
రంగు కుండ వేరు, పులుసు కుండ వేరని
మెలానియా సుద్దతో గుర్తు పెట్టింది.
ఆవిరికి సుద్ద చెరిగిపోయింది.
ఆ ఆదివారం పులుసు గురించి
మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

చలికాలం ముదిరాక
అత్త తడుముకుంటూ మేజోళ్లు అల్లింది.
ఆమె నూలుతో కుడి కాలిది,
నా నూలుతో ఎడమ కాలిది.
కుడిది చేపపిల్లలా జారుతుంది.
ఎడమది ఎలుగుబంటి పిల్ల.
రెండూ నల్లనివే, చీకట్లో తేడా తెలియదని
అత్తకేమో నమ్మకం.

తెల్లవారుజామున బస్సు దిగి
మెలానియా వచ్చింది,
రబ్బరు బూట్లు విప్పింది,
పొయ్యి తలుపు తెరిచి పాదాలు పెట్టింది.
నేను దుంపలు కోస్తున్నట్టు నటిస్తున్నాను.
చాలాసేపటికి ఏదో అంది,
నా చెవిటి వైపు నుంచి.

"ఏంటి?"

"ఎడమది వెచ్చగా ఉంది" అంది,
బొటనవేలు ఆడిస్తూ.
"గుచ్చుకుంటోంది కూడా."

అత్త నిద్రపోతున్నట్టుంది.
కదురు మాత్రం తిరుగుతోంది.