బి షెడ్యూలు

చిత్తూరు సబ్‌రిజిస్ట్రారాఫీసుకు ఎదురుగా
జెరాక్సు కొట్టు మెట్ల కింద
ముప్పై యేండ్లుగా భూములకు హద్దులు రాస్తా ఉండాను.
నాకంటూ సెంటు లేదు.
నా చేతిరాతలో మాత్రం
సగం తాలూకా ఉంది.

ఆడికృత్తిక ముందురోజు ధనకోటమ్మ వచ్చింది
తవణంపల్లి దిక్కునుంచి,
చంకలో తడిగోనె, చేతిలో కంపెనీవాళ్ల కాగితం.
"వజ్రవేలూ, దీన్ని మన మాటల్లోకి తిప్పి
నాకు దెబ్బ తగలకుండా రాయి" అనింది.

రెండెకరాల మామిడితోట, మూడేండ్ల కౌలు.
అది ఎ షెడ్యూలు. అలవాటైన పని.
తూర్పు, గురవయ్య బావి కాలువ.
పడమర, బండిరస్తా.
ఉత్తరం, తగాదాలో ఉన్న గట్టు.
దక్షిణం, ఆమె మరిది పొలం.
చెయ్యి దానంతటదే నడిచిపోయింది.

తర్వాత బి షెడ్యూలు.
ఆమె కట్టిన అంటు.
ట్యాంకరు నీళ్లు బిందెల లెక్కన వచ్చిన కరువేడాది
గాలికి విరిగిన నాటుచెట్టు మీద
ఏటిగట్టున దొరికిన కొమ్మను కూర్చి
పాతచీర పీలికతో బిగించింది.
నాలుగో యేట కాసింది. పలచటి టెంక,
తోలు దగ్గర ఉప్పురవ్వంత పులుపు.
ఊరు దానికి పెట్టిన పేరు
మొండిదాని కాయ.

కంపెనీకి ఆ కొమ్మ కావాలి. లైసెన్సు.
మొక్కకింతని ఇస్తారంట.
పేరు వాళ్లే పెట్టుకుంటారంట,
బంగారమో వజ్రమో, ఇంగ్లీషులో.

"దీని హద్దులు చెప్పమ్మా" అనేసినాను, నోటి అలవాటు.
ఆమె నవ్వలేదు. వేళ్లు ముడిచింది.
"తూరుపున పెనుమూరులో మా అక్క పెరడు.
పడమట పలమనేరు బస్సు కండక్టరు,
టికెట్టు కొట్టకుండా కొమ్మ తీసుకపొయినాడు.
ఉత్తరాన మేక తినేసింది.
దక్షిణాన మా మరిది. అడిగితే ఇయ్యలా,
రాత్రిపూట కోసుకున్నాడు.
ఇప్పుడు వానింట్లోనే బాగా కాస్తాది."

నూరురూపాయల స్టాంపు కాగితం
ఫ్యానుగాలికి లేస్తా ఉంది.
దీనికి గొలుసు ఏ చివర పట్టి కొలిచేది?
ఇచ్చినా తరగలేదు,
దొంగిలించినా ఆమె చెట్టు ఆమెకే ఉంది.

పాత దస్తావేజుల్లో ఒక వరస వస్తుంది.
నిధి నిక్షేప జల తరు పాషాణ
అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములు...
మా నాయన నేర్పినాడు, ఊపిరి తీయకుండా రాస్తాను.
ముప్పై యేండ్లలో ఒక్కనాడూ
ఆగామి దగ్గర ఆగింది లేదు.
ఇంకా రానిది.
చిగురు తొడగని కొమ్మలో
కండ్లు మూసుకొని కూర్చున్నది.

రాసినాను.
మూడేండ్లే. మొక్కకు పన్నెండు రూపాయలు.
ఉగాదికి లెక్క చూపాల, అడిగినప్పుడు పుస్తకం తెరవాల.
కంపెనీ ఈ హక్కును ఇంకొకరికి బదలాయించరాదు.
ఇంటి పెరటికని ఎవరడిగినా ఆమె ఊరికే ఇయ్యొచ్చు.
పేరు మార్చరాదు.

"అది తిట్టు కదమ్మా" అన్నాను.
"తిట్టే. నన్ను చూసి పెట్టిందే.
తిట్టిన నోళ్లే టెంక దాకా చీకినాయి.
అట్లే ఉండనీ."

ధనకోటమ్మ అని సంతకం పెట్టింది,
ధకారం కింది వత్తు రెండుసార్లు దిద్ది.
ఫీజు సగమే ఇచ్చింది.
మిగతా సగానికి గోనె విప్పి ఒక అంటు తీసింది.

మిట్టూరులో బాడుగ మేడ మీద
పాత పెయింటు డబ్బాలో పెట్టినాను.
పదకొండు నెలలకోసారి
నా అగ్రిమెంటు నేనే రాసుకుంటాను.
గోడలకు మేకులు కొట్టరాదు.
మేడ మీద మొక్కలు పెంచరాదు.
గుండ్రటి అక్షరాలు, నావే.

ఈ పొద్దు చూస్తే కట్టుకు పైన
రాగిరంగు ఆకు ఒకటి, ఇంకా ముడుచుకొనే ఉంది.
కిందింటాయన చెప్పుల చప్పుడు మెట్ల మీద.
డబ్బాను నీళ్లట్యాంకు వెనక్కి జరిపి
తుండుగుడ్డ ఆరేస్తున్నట్టు నిలబడినాను.