పిచ్చుక తలల పద్దు

నెదర్ క్వార్ల్‌కి బస్సు మంగళవారం ఒక్కరోజే.
ముప్పై ఒక్క ఏళ్లు కవెంట్రీలో బస్సు నడిపినవాణ్ణి
ఇవాళ వెనక సీట్లో, ఒళ్లో రొట్టెముక్కల డబ్బాతో,
డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడల్లా నా కాలూ కదులుతుంటే
తాతల ఊరికి టికెట్టు కొనుక్కుని వచ్చాను.

ఊరంటే ఏముంది,
పదకొండు ఇళ్లు, మూతపడ్డ బడి,
తడిసిన గొర్రెల వాసన.
అయిదూళ్లకు ఒక్కడే అయిన పాదిరి
మూడో ఆదివారం వచ్చిపోయే చర్చి.

తాళంచెవి థామసిన్ వౌల్స్ దగ్గరుంటుంది.
ఎనభై దాటిన మనిషి, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు.
"స్ప్రాగెట్లా? వాళ్లంతా ఉత్తరపు గోడవార, దురదగొండి కింద,"
అంది, గొడుగు ఎక్కడ పెట్టాలో చెప్పినంత మామూలుగా.
వెళ్లి చూశాను. ఒకే ఒక్క రాయి.
పేరంతా వాన తినేసింది,
"భార్య" అన్న మాట మిగిలింది.
ఎవరి భార్యో.

జిల్లా కచేరీలో ఫిల్ము మీద ముందే చూసుకున్నాను.
1817 ఫిబ్రవరి, జ్ఞానస్నానాల పేజీ:
జేబెజ్, కెజియా కొడుకు.
మా తాతకు తాత.
తండ్రి పేరు రాయాల్సిన గడిలో
ఒక అడ్డగీత.
తొందరలో గీసింది కాదది.
కలం రెండుసార్లు సిరాలో ముంచి
ఈ చివర నుంచి ఆ చివరికి
తలుపుకి గడియ వేసినట్టు.

ఇంటిపేరు తల్లిదే వచ్చింది.
అదీ ఒక్కో చెయ్యి ఒక్కోలా రాసింది:
స్ప్రాగెట్, స్ప్రగ్గిట్, ఒకచోట స్ప్రాకెట్.
ఇలా రాయండి బాబూ అని చెప్పడానికి
మావాళ్లకు అక్షరం ముక్క రాదు.

ఓకు చెక్క పెట్టెకు మూడు తాళాలుండేవట,
పాదిరికొకటి, ఊరి పెద్దలిద్దరికీ చెరొకటి,
ఎవరూ ఎవరినీ నమ్మనక్కర్లేకుండా.
ఇప్పుడు రెండు తుప్పు, మూడోది పురికొస.
లోపల, పెళ్లికాని తల్లుల బిడ్డలకు
పోషణ ఇస్తామని మగవాళ్లు రాసిచ్చిన కాగితాల కట్ట.
దాని నడుమ అరచేతంత బొక్క.
"ఏ ఏళ్లవి పోయాయి?"
"పదిహేను నుంచి ఇరవై దాకా."
ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.
"మీ తాతగారి ముత్తాతని ఎలుక తినేసిందండీ."
నేనూ నవ్వాను. ఏం చేస్తాం.

టీ పెట్టడానికి ఆమె ఇంటికి వెళ్లాక
వేళ్లు కొంకర్లు పోతుండగా జమాఖర్చుల పుస్తకం తిప్పాను.
గంట తాడుకు ఇంత, గడ్డి కోతకు ఇంత.
కెజియా పురిటికి, మంత్రసానికి, అయిదు షిల్లింగులు.
కెజియా బూట్లకు మూడు.
పక్కనే, "మళ్లీనా" అని, చిరాకుగా.

1824 అక్టోబరు:
"కెజియా కొడుకు జేబెజ్‌కి,
రెండు డజన్ల పిచ్చుక తలలకు, నాలుగు పెన్నీలు."

పంట తింటున్నాయని తల లెక్కన కూలి ఇచ్చేవారట.
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే,
ఈ ఊళ్లో ఆ అస్త్రానికి ఏడేళ్లు.

రాత్రిపూట గడ్డివాములోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి
వెచ్చగా కొట్టుకునేదాన్ని గుప్పిట్లోకి తీసుకుని.
ఆ తర్వాతది నేను ఊహించను.
సంచీ ఈ గుమ్మంలోనే బోర్లించి ఉంటారు.
ఇరవై మూడే వచ్చాయని మళ్లీ లెక్కపెట్టి ఉంటారు.
నీ తండ్రెవర్రా అని మాత్రం
ఆ పూట ఎవరూ అడిగి ఉండరు.

డబ్బు ముట్టినట్టు పక్కన గుర్తుంది.
కెజియా వేసే ఇంటూ గుర్తు కాదు.
వెనక్కి తిరిగి నిలబడ్డ ఒక జె.

ఎవరు నేర్పారు వాడికి?
పేజీ కింద గుమస్తా సంతకం,
ఆ గీత గీసిన సిరాలాంటి సిరాతోనే,
ఆంబ్రోస్ వౌల్స్.

తలుపు కిర్రుమంది. రెండు కప్పులు, వణుకుతున్న పళ్లెం.
"ఈ ఏడు చూరులో ఒక్క పిచ్చుకా గూడు కట్టలేదు, చూశారా?
చక్కెర ఎన్ని చెంచాలు?"
పుస్తకం మూయాలో వద్దో తేలక
పేజీ మీద చెయ్యి పెట్టుకుని
రెండు అన్నాను.