పొజ్జువోలిలో సగం గడ్డం

మంగళవారం తొమ్మిదింటికి
ప్రొకోలో అంగట్లో నా వంతు.
చెవుల దాకా నురగ పూసి
రేడియో చెవి మెలిపెట్టాడు.
"ఇవాళ నేల గురించట," అన్నాడు,
బంగడాల ధర చెప్పినట్టు.

నేపుల్స్ స్టూడియోలో ఒక డాక్టరమ్మ, ఎర్సీలియా స్కోట్టో.
కడిగి బోర్లించిన పళ్ళెంలాంటి గొంతు.
అడిగే లంబెర్తోకి తొందర,
ఆవిడకి లేదు.
రేవు పక్కన రోమన్ల నాటి అంగడి స్తంభాలున్నాయి కదా,
వాటికి మనిషికి రెండింతల ఎత్తున
సముద్రపు గుల్లలు తొలిచిన బెజ్జాలు.
రాయి మునిగింది, మళ్ళీ తేలింది.
"నేల ఊపిరి పీలుస్తోందంటే వినడానికి బాగుంటుంది.
కానీ అది ఊపిరి కాదండీ. వేడి, నీరు, వాయువు."
అందమైన మాటని అలా పక్కన పెట్టడం
నాకు నచ్చింది.

ఆ బెజ్జాల్లోకి చిన్నప్పుడు గులకరాళ్ళు విసిరేవాళ్ళం.
ఒక్కటీ పడలేదు.

"నెలకి ఎంత లేస్తోంది?"
"చిటికెన వేలి గోరంత. కొన్ని నెలల్లో ఇంకాస్త."
నా లెక్క వేరు.
నా పడవ అడుగు బురదకి రాసుకోవడం మొదలై రెండేళ్ళు.
గట్టు మీంచి పడవలోకి ఒకప్పుడు ఒక్క అంగ,
ఇప్పుడు నిచ్చెన.
నేల విడిచి సాము చెయ్యొద్దంటారు పెద్దలు.
ఇక్కడ నేలే సాము చేస్తుంటే
ఎవరికి చెప్పను?

కత్తి గొంతుముడి దాటుతోంది.
ప్రొకోలో చెయ్యి ఆగింది.
ముందు చెయ్యి. ఆ తర్వాతే అత్తరు సీసాలు,
అద్దం, అద్దంలో నేను.
కత్తిని పైకెత్తి నిలబడ్డాడు,
గాలికి కొవ్వొత్తి ఆరకుండా పట్టుకున్నవాడిలా.

రేడియోలో ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది:
"సుమారు మూడు కిలోమీటర్ల లోతున..."
ఒకటి.
రెండు.
మూడు.
అప్పుడు అక్కడ కప్పు సాసరు మీద గలగలమంది.
మాట తెగింది.

మూడు లెక్కపెట్టేంత సేపు
డాక్టరమ్మ కన్నా నాకే ఎక్కువ తెలుసు.
అందులో గొప్పేమీ అనిపించలేదు.

"ఎంత ఉండొచ్చంటారు?" లంబెర్తో గొంతు సన్నబడింది.
"పరికరాలు చూడకుండా చెప్పను."
తర్వాత, మైకు సంగతి మరిచిపోయి కాబోలు,
"మా అమ్మ అక్కడే, చేపల మార్కెట్టు వెనక, నాలుగో అంతస్తు.
లిఫ్టు ఎక్కేస్తుంది.
ఎన్నిసార్లు చెప్పినా ఎక్కేస్తుంది."

వెంటనే పియానో వేశారు.

ప్రొకోలో కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు.
స్కోట్టో పెద్దాయనకి చివరి గడ్డం గీసింది ఇతనే,
పెట్టెలో పడుకోబెట్టే ముందు.
ఆ మెట్లు ఎన్నో తెలుసు.
"కదలకు," అని నాకు చెప్పి
వీధిలోకి పరిగెత్తాడు.

కదలకు, అట!
పియానో అయిపోయింది.
"ఎక్కడ ఆపాం," అంటోంది ఆవిడ, "ఆ, గుల్లలు..."
కుడి బుగ్గ నున్నగా ఉంది.
ఎడమ వైపు నురగ ఆరి
చర్మాన్ని లాగుతోంది.