నాలుగువేల తొంభైఆరు

చర్లపల్లి ఫేజు త్రీ, రేకుల షెడ్డు మీద గది.
రాత్రి రెండు దాటింది.
సోల్డరు వాసన, మెత్తబడిన బిస్కెట్లు,
బల్ల మీద అరచేయంత ఈసీజీ బోర్డు.

అది విన్న చప్పుడంతా కెర్నెల్ లోగిట్లో పడుతుంది.
గీత గీసే ప్రోగ్రాముకి అక్కడ అడుగుపెట్టే హక్కు లేదు.
అందుకని ప్రతి చుక్కనీ నేనే కాపీ చేసి
నల్లా దగ్గర్నుంచి బిందె మోసినట్టు
ఇవతలికి తెచ్చి పోస్తున్నాను.
దారిలో కొంత ఒలుకుతోంది.
పసిగుండె నిమిషానికి నూటనలభై,
నేను వచ్చేదాకా ఆగుతుందా?

"మోసుడెందుకు బిడ్డా," అన్నాడు భిక్షపతి సార్,
"నడుమ గోడకు కిటికీ పెట్టు. ఎమ్‌మ్యాప్ రాయి."

గోడ అనగానే సీతాఫల్‌మండి.
సఫియా ఆపా వంటిల్లు, మా వంటిల్లు వీపూ వీపూ.
గిన్నె పట్టుకుని సందు చుట్టి వెళ్ళలేక
అమ్మ ఓ మధ్యాహ్నం రెండిటుకలు ఊడబీకింది.
ఆ తర్వాత గిన్నె ఎవరిదో ఎవరూ అడగలేదు.
అటు ఆమె వేలు, ఇటు మా వేలు, ఒకే అంచు.

రాశాను.
వాడి చిరునామా అది, నీ చిరునామా ఇది, చోటు ఒక్కటే.
చదువుకో, రాయకు.
ఒక షరతు మాత్రం నాది కాదు, యంత్రానిది:
కిటికీ పేజీకి తగ్గదు.
చిటికెడు చూపించాలన్నా
నాలుగువేల తొంభైఆరు బైట్లూ తెరవాల్సిందే.
గీత నున్నగా సాగింది. సార్ చాయ్ తెప్పించాడు.

గురువారం. పిల్లల వార్డు. ఆరో మంచం.
బోర్డుని ఇంకో మంచం దగ్గర్నుంచి
బ్యాటరీ మీదే, ఆపకుండా ఎత్తుకొచ్చారట.
ఫిలోమినా సిస్టర్ ఇంకా తీగలు అంటించనేలేదు,
తెర మీద గీత లేచింది.
చక్కటి గీత.
"కొట్టుకుంటోంది, కొట్టుకుంటోంది" అంటూ
తల్లి నా ముంజేయి పట్టేసుకుంది.

పాప ఛాతీ మీద ఏమీ లేదు.
అది ముందరి పాపది.
నేను తుడవని పేజీలో ఉండిపోయింది.
ఆ పాప ఇంటికి వెళ్ళిందా అని
అడగడానికి నోరు రాలేదు. సిస్టర్ కూడా చెప్పలేదు.
"ఒక్క నిమిషం అమ్మా" అన్నాను తల్లితో,
"తీగలు పెట్టనీ."

ఆ రాత్రి ఒక్క వరుస చేర్చాను:
ఇచ్చేముందు సున్నా చెయ్యి.
ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు మేకులు పీకి
సున్నం కొట్టించి తాళాలిచ్చినట్టు.

కొట్టించే ముందు మాత్రం
ఆ పేజీ ఒకసారి విప్పి చూశాను.
రెండు సెకన్లు.
నాలుగుసార్లు కొట్టుకుంది.
ఐదోది లేస్తూ ఉండగా
పేజీ అయిపోయింది.